పాలిటిక్స్ చదివి ఏం చేస్తుందట?

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, మా ధరణికోటలో ఏ అరుగు మీద చూసినా ఒకటే చర్చ. ఏ కాలేజీలో కంప్యూటర్ సైన్సు సీటొస్తుంది, ఫీజెంత అని. ఆ మధ్య మా వీధిలో ఒకమ్మాయి "నేను బి.ఏ. పొలిటికల్ సైన్సు చదువుతాను, తర్వాత లా చేస్తాను" అందట. "ఏమే, ఎమ్మెల్యేకి నిలబడతావా?" అని నాయనమ్మ నవ్వింది. నాన్న మాత్రం నవ్వలేదు. "పెళ్లిచూపులకొచ్చిన వాళ్లకి ఏం చదివిందని చెప్పమంటావు?" అన్నాడు.

ఆయన బాధ ఆయనది, కాదనను. కానీ ఇంజనీరింగు పూర్తిచేసిన మన మగపిల్లలు ఎంతమంది గ్రూప్స్ పరీక్షల కోసం హైదరాబాదు అశోక్‌నగర్‌లో గదులు తీసుకుని, రాజ్యాంగం పుస్తకం మొదటి పేజీ అప్పుడు తెరుస్తున్నారో ఆయనకు తెలియదా? వాళ్లు ఆలస్యంగా, అవసరం కొద్దీ చదివేదాన్ని ఓ ఆడపిల్ల ముందుగానే, ఇష్టంగా చదువుతానంటే అది పనికిరాని చదువయిపోయిందా? రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆంధ్రా విశ్వవిద్యాలయంలో చదివింది ఈ పొలిటికల్ సైన్సే కదండీ. తర్వాత మద్రాసులో లా చేసి, రాజ్యాంగ సభలో కూర్చుంది.

ఉద్యోగం మాట అలా ఉంచుదాం. ఈ చదువు మన నేలకీ, నీళ్లకీ సంబంధించినది. రాజ్యాంగం 21వ అధికరణంలో ప్రాణం, వ్యక్తిగత స్వేచ్ఛ అన్న మాటలున్నాయి గానీ చెట్టు, ఏరు, గాలి అన్న మాటలు లేవు. పర్యావరణాన్ని కాపాడడం ప్రభుత్వ బాధ్యత అనే 48-ఎ, పౌరుల విధి అనే 51-ఎ(జి) 1976లో 42వ సవరణతో చేరాయి. ఆదేశిక సూత్రం అమలు కాలేదని నేరుగా కోర్టు మెట్లెక్కలేం. మరి దారేది? 1987లో దామోదరరావు కేసులో మన హైకోర్టే చూపించింది. హైదరాబాదులో పార్కు కోసమని ప్రణాళికలో ఉంచిన స్థలంలో ఎల్.ఐ.సి., ఆదాయపు పన్ను శాఖ ఇళ్లు కట్టుకోబోతే, వీల్లేదంది. పరిసరాలను పాడుచేయడం 21వ అధికరణాన్ని ఉల్లంఘించడమేనంది. 'ప్రాణం' అన్న ఒక్క మాటలోంచి పార్కు దాకా దారి వేశారు. కథలు రాసుకునే నాకు దాని గురించి చదివినప్పుడు కొంచెం అసూయ కూడా వేసింది.

ఇదంతా ఎక్కడో పట్నం సంగతి అనుకోవద్దు. మాకు తూర్పున కొద్ది దూరంలోనే తుళ్లూరు. రాజధాని కోసం 2015లో ఆ చుట్టుపట్ల 29 గ్రామాల్లో 33 వేల ఎకరాలకు పైగా భూసమీకరణకిచ్చారు. 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ పర్యావరణ అనుమతిని రద్దు చేయలేదు గానీ, వరద ప్రవాహం విషయంలో షరతులు పెట్టింది. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చాక ఆడవాళ్లు రోడ్డెక్కారు. 2021 నవంబరులో తిరుపతికి నడిచారు. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పొచ్చింది. రాజధాని ఎక్కడుండాలన్నది వేరే చర్చ, అందులోకి నేను పోను. నాకు పట్టింది ఒకటే. పాలకేంద్రం దాటి మాట్లాడి ఎరగని ఆడవాళ్ల నోట సి.ఆర్.డి.ఏ. చట్టం, రిట్టు, స్టే అన్న మాటలు కూరగాయల ధరల్లా పలికాయి. అవన్నీ వాళ్లు గొడవ నెత్తిమీదికొచ్చాక, లాయర్లు చెప్తే నేర్చుకున్నారు. సంతకాలు పెట్టేనాటికి అవి తెలిసినవాళ్లు ఎందరు?

పర్యావరణ రాజకీయాలు అనగానే ధ్రువపు ఎలుగుబంట్లు గుర్తొస్తాయి. మన పల్నాట్లో అయితే సున్నపురాయి, సిమెంటు, కృష్ణలో ఇసుక. ఇసుక పోతే నీళ్లెలా ఇంకుతాయో సైన్సు మాస్టారు చెప్తారు. అనుమతి ఎవరిచ్చారు, లాభం ఎవరికి, దుమ్ము ఎవరి ఇంట్లో అని అడిగేది ఈ సబ్జెక్టు. ఆ దుమ్ము ఊడ్చేదీ, బిందె పట్టుకుని దూరం నడిచేదీ ఎవరో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం పెద్ద గనికో, సిమెంటు ఫ్యాక్టరీకో అనుమతి ఇచ్చేముందు సాధారణంగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన వేయాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. అలాంటిదొకటి నా చేతికొచ్చింది, ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. తెలుగే, కాదనలేం! కానీ పేజీకి నాలుగు వాక్యాలు కూడా అర్థం కాలేదు. డిగ్రీ చదివిన నాకే అలా ఉంటే, షామియానా కింద వెనక వరసలో కూర్చునే ఆడవాళ్లు ఏమని లేచి అడుగుతారు?

మన కాలేజీల్లో ఈ చదువు చెప్పే తీరు మీదా నాకు ఫిర్యాదుంది. సార్వభౌమత్వానికి నిర్వచనాలు నాలుగు, ప్రాథమిక హక్కులు ఆరు, గైడులో బట్టీ, పరీక్షలో కక్కడం. పిల్లల్ని ఒక్కసారి గ్రామసభకు తీసుకెళ్లిన లెక్చరరు ఎందరున్నారు? 2011 నుంచీ మన పంచాయతీల్లో సగం పదవులు ఆడవాళ్లవే. ఆ కుర్చీలో భర్త కూర్చోవడం చూసొచ్చి వ్యాసం రాయమనండి, ఏ గైడూ అక్కర్లేదు. ఆ ఫ్యాక్టరీ నివేదికలో రెండు పేజీలిచ్చి, నాయనమ్మకు అర్థమయ్యే తెలుగులో తిరగరాయమని పది మార్కులకు అడగమనండి. నాయనమ్మే దిద్దితే మరీ మంచిది.