పొరుగు రాష్ట్రపు పాత ట్రాక్టరు



పత్తి అమ్ముడై చేతికి నాలుగు రూకలు వచ్చిన తరుణమున మనలో పలువురి చూపు ట్రాక్టరు వైపు మరలుట సహజము. కొత్త యంత్రము కొన శక్తి చాలనివాడు పాతదానిని వెదకును. రామగుండము, గోదావరిఖని, మంథని ప్రాంతములవారికి ఆ వెదకులాట గోదావరి దాటి సాగుట కొత్త సంగతి గాదు. కాళేశ్వరము వంతెన దాటినచో సిరొంచ, మంచిర్యాల, ఆసిఫాబాదుల మీదుగా పోయినచో చంద్రపురము, రెండును మహారాష్ట్రములోనివే. అచ్చట యంత్రము చవుకగా దొరకునని విని, సొమ్ము మూటగట్టుకొని పోయి, సాయంకాలమునకు ట్రాక్టరుతో ఇల్లు చేరుట సులభము. అయితే ఇల్లు చేరినది యంత్రము మాత్రమే. దాని యాజమాన్యము ఇంకను నది ఆవలనే నిలిచియుండును. ఈ విషయమును సభ్యుల దృష్టికి తెచ్చి, ఇందు మన సహకార సంఘము చేయదగిన పని యేదియో చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

గోదావరికి ఈ గట్టుననున్నవారును ఆ గట్టుననున్నవారును చుట్టములే. సిరొంచ తాలూకాలో తెలుగు మాటలాడువారు అనేకులు గలరు. పెండ్లిండ్లును జాతరలును నదిని ఎన్నడును అడ్డముగా భావింపలేదు. నిజాము ప్రభుత్వకాలమున సరుకు ఎల్లదాటినచో కరోడ్‌గిరి సుంకము చెల్లింపవలసి యుండెడిది. ఆ కాలము పోయినది. నేడు నాగలి కొన్నవాడును, కుట్టుమిషను కొన్నవాడును దానిని ఏ కచేరిలోను తన పేర వ్రాయించుకొన నక్కరలేదు. మోటారు వాహనము సంగతి వేరు. భూమికి పట్టా యెట్టిదో వాహనమునకు రిజిస్ట్రేషను పత్రము అట్టిది. ఆ పత్రమునందు ఎవరి పేరున్నదో వారే చట్టము కంటికి యజమానులు. గడ్చిరోలి జిల్లా బండికి ఎం.హెచ్. 33 అనియు, చంద్రపురము జిల్లా బండికి ఎం.హెచ్. 34 అనియు గుర్తులుండును. ఆ గుర్తు మారి మన పెద్దపల్లి జిల్లా గుర్తగు 22 అంకె పడునంతవరకు కొనుగోలు పూర్తియైనదని చెప్పరాదు.

గుంటూరు, కృష్ణా జిల్లాల నుండి పాత ట్రాక్టరు తెచ్చువారును ఈ మాటను గమనింపవలయును. 2014 జూన్ 2 వరకు ఆ జిల్లాలును మనవియు ఒకే రాష్ట్రములోనివి. అప్పుడది ఇంటిపని వంటిది. ఆ దినమునుండి అదియు పొరుగు రాష్ట్రపు కొనుగోలే. కరీంనగరము జిల్లాకు పూర్వము ఇచ్చిన ఏ.పి. 15 గుర్తుగల పాత బండ్లు మన రోడ్లపై తిరుగుట చూచి, ఏ.పి. అక్షరములున్న ప్రతి బండియు మనదే యని భ్రమపడరాదు.

ఇక చట్టమేమి చెప్పుచున్నదో చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 47 వ సెక్షను ప్రకారము, ఒక రాష్ట్రమున రిజిస్టరైన వాహనము వేరొక రాష్ట్రమున పండ్రెండు నెలలకు మించి యుండినచో యజమాని కొత్త గుర్తునకు అర్జీ పెట్టుకొనవలయును. ఈ మాటను సగము విని, "మనకు ఏడాది గడువున్నది గదా" యని కొందరు తీరికగా కూర్చుందురు. అది తప్పు. ఆ పండ్రెండు నెలలు తన బండిని తానే తీసికొనివచ్చిన యజమానికి వర్తించునవి. బండి కొన్నవాని సంగతి 50 వ సెక్షనులో నున్నది. కొన్నవాడు ముప్పది దినములలోపల తన నివాసమున్న ప్రాంతపు రవాణా కార్యాలయమున యాజమాన్యపు మార్పును తెలుపవలయును. పొరుగు రాష్ట్రమువానికి అమ్మినవాడును నలువదియైదు దినములలోపల తన వంతు పని ముగింపవలయును.

అమ్మినవాని వంతులో ముఖ్యమైనది నిరభ్యంతర పత్రము. దీనినే జనులు ఎన్.ఓ.సి. యందురు. దీనికి 28 వ నమూనా ఫారముపై, బండి రిజిస్టరైన కార్యాలయమునందే, అమ్మువాడు అర్జీ పెట్టవలయును. ఆ కార్యాలయమువారు బండిపై దొంగతనపు కేసేదియు లేదని పోలీసుల నుండి వ్రాతమూలకముగ తెలిసికొందురు. ప్రభుత్వమునకు రావలసిన పన్ను బాకీ యున్నదా యని చూతురు. ముప్పది దినములలో ఏ జవాబును తెలుపనిచో పత్రము ఇచ్చినట్లే భావింపవలెనని 48 వ సెక్షను చెప్పుచున్నది. కొన్నవానికి ఈ పత్రము కంటె గొప్ప రక్షణ లేదు. దొంగబండి గాని, పన్ను బాకీ బండి గాని ఈ జల్లెడలో నిలిచిపోవును. మనము కష్టపడి విచారింపలేని సంగతులను ప్రభుత్వమే మన కొరకు విచారించి చెప్పుచున్నదన్నమాట.

ఈ పత్రము చేతికి వచ్చిన పిదప 29, 30 నమూనా ఫారములపై ఇరువురును సంతకములు చేసి, అసలు రిజిస్ట్రేషను పత్రముతోను, బీమా కాగితముతోను, మన నివాసపు రుజువుతోను పెద్దపల్లి కార్యాలయమున దాఖలు చేయవలయును. కొత్త గుర్తునకు 27 వ నమూనా ఫారము కలదు. బండిపై బ్యాంకు అప్పున్నట్లు పత్రమునందు వ్రాసియున్నచో, అప్పు తీరినదని బ్యాంకువారు 35 వ నమూనా ఫారముపై సంతకము చేయవలయును. "అప్పు తీరినది, కాగితము రేపు వచ్చును" అను మాటను నమ్మి సొమ్మిచ్చుట తగదు. ట్రాలీకి వేరే నంబరుండునని చాలమంది మరచెదరు. ఇంజనునకు అన్ని కాగితములును తెచ్చుకొని, ట్రాలీని ఉత్తచేతులతో ఈడ్చుకొనివచ్చినవాడు సగము బండినే కొన్నవాడు. ఇంకొక మాట: ట్రాక్టరునకు రిజిస్ట్రేషను మొదట పదునైదేండ్లకు మాత్రమే. ఆపైన బండిని పరీక్షించి అయిదేండ్లకు పొడిగింతురు. కొత్త గుర్తు పడినంత మాత్రమున గడువు పెరుగదు. పదుమూడేండ్ల బండి కొన్నవానికి మిగిలినది రెండేండ్లే యని లెక్కించి బేరమాడవలయును.

ఇంత శ్రమ యెందులకని అడుగువారు గలరు. "మా ట్రాక్టరు పొలము దాటదు" అని వారి వాదము. ఇది నిజము గాదు. వానకాలమున దమ్ము చేసిన ట్రాక్టరే పంట చేతికి వచ్చినపుడు పత్తిని, వడ్లను మార్కెటుకు చేర్చును. మన ప్రాంతమున మార్కెటుకు పోవు త్రోవ యనగా రాజీవ్ రహదారి. ఆ త్రోవపై సింగరేణి బొగ్గు లారీలును, విద్యుత్కేంద్రపు బూడిద లారీలును రేయింబవళ్లు పోవుచుండును. వెనుక దీపము లేని ట్రాలీతో చీకటివేళ ఆ రోడ్డెక్కువాడు తన ప్రాణముతోను పరుల ప్రాణముతోను పందెము కాచుచున్నాడు. అట్టి వేళ ప్రమాదము సంభవించినచో నష్టపరిహారమెవరు చెల్లింపవలయును?

ఈ ప్రశ్నకు సర్వోన్నత న్యాయస్థానము 2018 ఫిబ్రవరి 6 న స్పష్టముగ జవాబు చెప్పినది. ఆ వ్యాజ్యమున ఒక వాహనము రిజిస్ట్రీ మారకయే పలువురి చేతులు మారినది. అటుపిమ్మట ప్రమాదము జరిగినది. రిజిస్ట్రేషను పత్రమునందు ఎవరి పేరున్నదో అతడే చట్టరీత్యా యజమాని యనియు, బండిని ఎన్నడో అమ్మితినని చెప్పి అతడు బాధ్యతను తప్పించుకొనజాలడనియు న్యాయస్థానము తీర్పు చెప్పినది. కావున సిరొంచలోని అమ్మకపుదారుడు మన ఊరి రోడ్డుపై జరిగిన ప్రమాదమునకు కోర్టు మెట్లెక్కవలసివచ్చును. నమ్మి బండి నిచ్చిన చుట్టమునకు మనము చేయు ఉపకారమిదియేనా? అటులే మన పాత బండిని ఆవలివారికి అమ్మినపుడు ఆ గోతిలో పడువారము మనమే.

కొన్నవాని కష్టములును తక్కువ గావు. బీమాను పదునాలుగు దినములలో తన పేరునకు మార్చుకొననివాడు బండి దొంగల పాలైనపుడు గాని, తగులబడినపుడు గాని బీమా సంఘమువారి యెదుట ఏ ముఖముతో నిలుచును? పేరుగలవాడు మరణించినచో అతని వారసులందరి సంతకములకు ఊరూర తిరుగవలయును. వారిలో ఒకడు అడ్డము తిరిగినను పని ఆగును. తనది కాని పత్రముపై సంఘము గాని, బ్యాంకు గాని అప్పీయదు. మూడు లక్షలు పోసి కొన్న యంత్రము, అవసరమునకు మూడువేల అప్పునకైనను పూచీ కాజాలదు. చవుక యని తెచ్చిన బండి కడపట ఇంత ఖరీదైనది!

గల్ఫు దేశములకు పోయిన మన బిడ్డలు, అచ్చటి పాత బండిని ఓడపై తేవచ్చునా యని అప్పుడప్పుడు అడుగుదురు. వారికిని ఒక మాట. విదేశపు పాత వాహనము మూడేండ్లకు మించిన వయసుగలది కారాదు. చుక్కాని చక్రము కుడివైపున నుండవలయును. ముంబయి రేవు ద్వారముననే దిగుమతి చేయవలయును. సుంకము బండి వెలను మించును. గల్ఫు బండ్లకు చక్రము ఎడమవైపున నుండును. కావున ఆ ఆశను విడిచి, ఆ సొమ్మును స్వదేశమునందే వినియోగించుట మేలు.

ఇన్ని చిక్కులున్నవని దళారిని ఆశ్రయించుట మనవారికి అలవాటు. దళారులందరును చెడ్డవారని నే ననను. అయితే అమ్మినవాని చేత ఖాళీ ఫారములపై సంతకములు చేయించి, వానిని జేబులో నుంచుకొని, బండిని చేయి నుండి చేతికి మార్చుచు, రిజిస్ట్రీ సంగతి తరువాత చూతమను దళారి వలననే పైన చెప్పిన కష్టములన్నియు కలుగుచున్నవి. అతనికి తన రుసుము ముట్టినపిదప మన కాగితముతో పని లేదు. కాగితముతో పని గలవాడు రైతు. రైతు తరఫున నిలువదగినది రైతుల సంఘము.

కావున మన పాలకవర్గము వారికి మూడు సూచనలు చేయుచున్నాను. మొదటిది: పొరుగు రాష్ట్రపు పాత ట్రాక్టరునకు అప్పు మంజూరు చేయునపుడు సొమ్మంతయు ఒక్కసారి ఈయరాదు. బయానాకు కొంత యిచ్చి, నిరభ్యంతర పత్రము చూచిన పిదప హెచ్చు భాగము నిచ్చి, మన జిల్లా గుర్తు పడినపిదప మిగిలినది ఈయవలయును. సభ్యుడు తన సొంత సొమ్ముతో కొన్నను ఈ క్రమమునే పాటించుట మంచిది. సొమ్ము మన చేతిలో నున్నంతకాలమే అమ్మినవానికి సంతకము చేయుటకు తీరిక చిక్కును.

రెండవది: చదువుకొన్న సభ్యుడొకరిని ఈ పనికి నియమించి, సంఘ కార్యాలయమున ఫారములన్నియు సిద్ధముగ నుంచవలయును. బేరమునకు పోవువాడు ఒంటిగా పోక, ఒక మెకానిక్కును వెంటబెట్టుకొని పోవలయును. ఇంజను నంబరును చాసిస్ నంబరును పెన్సిలు అచ్చు తీసి, పత్రములోని అంకెలతో సరిచూడవలయును. బండి అప్పగించిన తేదీని, గంటను వ్రాసి ఇరుపక్షములవారి చేతను సాక్షుల చేతను సంతకములు చేయింపవలయును. సింగరేణి కొలువు నుండి విశ్రాంతి పొందినవారిలో యంత్రములు తెలిసినవారును, కచేరి వ్యవహారము తెలిసినవారును ఎందరో గలరు. గనిలో జీవితమంతయు యంత్రములతో గడపిన ఫిట్టరు కన్ను, పాత ఇంజనుకు వేసిన కొత్త రంగునకు మోసపోదు. అట్టివారి సాయము కోరుట మనకు నామోషీ గాదు, వారికి గౌరవము.

మూడవది ప్రభుత్వమునకు విన్నపము. కేంద్ర ప్రభుత్వమువారు 2021 లో బి.హెచ్. అను కొత్త గుర్తుల వరుసను ఏర్పరచిరి. బదిలీపై రాష్ట్రము మారు సర్కారు కొలువువారును, నాలుగు లేక అంతకు మించిన రాష్ట్రములలో కార్యాలయములున్న కంపెనీల ఉద్యోగులును రాష్ట్రము మారినప్పుడెల్ల రిజిస్ట్రీ మార్చు బాధ నుండి తప్పుకొనుటకు అది ఏర్పడినది. మంచిదే. కాని ఉద్యోగి కష్టమును గుర్తించిన దొరతనమునకు సేద్యగాని కష్టము కానరాలేదు. అతడు నిరభ్యంతర పత్రము కొరకు గడ్చిరోలి కార్యాలయమునకును, గుర్తు కొరకు పెద్దపల్లి కార్యాలయమునకును పనులు మానుకొని తిరుగవలసియున్నది. రవాణా శాఖవారు నెలకొక దినమున మంథని వంటి చోటికి వచ్చి ట్రాక్టర్లను, ట్రాలీలను పరీక్షించి కాగితములు పుచ్చుకొన్నచో, తమ యంత్రములను రిజిస్ట్రీ చేయించుకొనువారు తప్పక పెరుగుదురు. చట్టమును సుకరము చేయుట చట్టమును సడలించుట గాదు. ఈ విషయమున చుట్టుపట్ల సంఘములన్నియు కలిసి ఒక్క విన్నపము పంపినచో దానికి బలము చేకూరును. ఒంటరి రైతు అర్జీ బల్లపై నిద్రించును. పది సంఘముల అర్జీకి జవాబు వచ్చును.

ఈ మూడు సూచనలును వచ్చు సర్వసభ్య సమావేశమున చర్చకు రావలెనని నా కోరిక. అంతవరకు ఏ సభ్యుడైనను నది దాటి బేరమునకు పోవునెడల, ధర అడుగుటకు ముందు పత్రము అడుగవలయునని మనవి.