పానీ కే కనే నక్కో జా

ఎండాకాలం సెలవులు రాగానే మా దాదీ రోజుకు పదిసార్లు ఒకటే మాట అనేది: "పానీ కే కనే నక్కో జా రే". గల్లీలో ఆడుకోవడానికి పోతున్నా అదే, ఖాలా ఇంటికి పోతున్నా అదే, ఆఖరికి మస్జిద్‌కు పోతున్నా అదే. మస్జిద్‌లో హౌజ్ ఉండేది మరి. మా నడుము దాకా కూడా రాని నీళ్లు. ఆ గట్టు మీద వంగి చేపపిల్లలను చూశామని తెలిసినా ఇంట్లో గుస్సా. దాదీ తమ్ముడు చిన్నప్పుడు జగిత్యాల దిక్కు ఓ ఊళ్లో మోటబాయిలో పడి పోయాడట. ఆ సంగతి ఆమె ఎన్నడూ పూర్తిగా చెప్పలేదు. కానీ ఆ బాయి మా ఖాందాన్‌లో మూడు తరాలు ఉండిపోయింది. అబ్బాకు ఈత రాదు. చాచాలకు రాదు. నాకూ నలభై నాలుగేళ్లు వచ్చేదాకా రాలేదు.

నేను ఉర్దూ మీడియం బడిలో చేరిన రోజుల్లోనే కరీంనగర్ పక్కన దిగువ మానేరు డ్యామ్ పూర్తయింది. 24 టీఎంసీల నీళ్లు ఊరి అంచుకు వచ్చి నిలబడ్డాయి. సాయంత్రం బాల్‌బచ్చాలతో కట్ట మీదికి షికారుకు పోతాం, కాల్చిన మక్క కంకులు తింటాం, ఫోటోలు దిగుతాం, మగ్రిబ్ వేళకు తిరిగొస్తాం. పైకి ఆదిలాబాద్ దిక్కు పోతే కుంటాల, పొచ్చెర జలపాతాలు, కడెం ప్రాజెక్టు, పెన్‌గంగ, ప్రాణహిత. బాసర నుంచి మంథని దాటేదాకా గోదావరి. ఇన్ని నీళ్ల మధ్య బతుకుతున్న మనకు నీళ్లతో ఉన్న రిష్తా ఏమిటి అంటే, దూరం నుంచి చూడటం. ఆ దూరం చెరిగిపోయేది ఏడాదికి రెండు మూడు రోజులే. అందులో ఒకటి బాసీ ఈద్.

నా సహాఫీ బతుకు ఆదిలాబాద్‌లో మొదలైంది. అప్పటి నుంచి ఈ వార్త ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. "సరదాగా ఈతకు వెళ్లి" అని మొదలవుతుంది. ఊరు, వయసు, తండ్రి పేరు, గజ ఈతగాళ్ల గాలింపు, పోస్టుమార్టం. పండుగ మరునాడు డెస్క్ వాళ్లు ఫోన్ చేసి, "మీ దిక్కు ఏమన్నా ఉన్నదా" అని అడిగేవారు. ఏదో ఒకటి ఉండేది. 2025 జూన్‌లో బాసర దగ్గర గోదావరిలో హైదరాబాద్ నుంచి వచ్చిన ఐదుగురు నౌజవాన్లు మునిగిపోయిన ఖబర్ చదివినప్పుడు, నేను రాసింది కాకపోయినా, ఆ వాక్యాలన్నీ నాకు ముందే తెలిసినట్టు అనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021 ఒక్క ఏడాదిలోనే దునియా మొత్తంలో దాదాపు 3 లక్షల మంది నీళ్లలో మునిగి చనిపోయారు. అదే ఏడాది ఐక్యరాజ్య సమితి జూలై 25ను మునక మరణాల నివారణ దినంగా ప్రకటించింది. మన దగ్గర ఆ తారీఖున ఒక్క జల్సా జరగడం నేను చూడలేదు.

నీళ్లలో పోయినవారికి షహీద్ దర్జా ఉందని హదీసు చెబుతుంది. జనాజా దగ్గర ఇమామ్ సాబ్ ఆ మాట అంటే తల్లి దుపట్టా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. ఆ హదీసు మీద నాకు యఖీన్ ఉంది. అది పోయినవాళ్ల ఇంటికి తసల్లీ. బతికున్న పిల్లలకు ఈత నేర్పకపోవడానికి దాన్ని బహానాగా వాడుకునే హక్కు మాత్రం మనకు లేదని నా అభిప్రాయం. తఖ్దీర్‌లో ఉంటే బకెట్ నీళ్లలోనూ పోతారు అనేవాళ్లు మా మొహల్లాలోనూ ఉన్నారు. వాళ్లే రాత్రి ఇంటికి రెండు తాళాలు వేసుకుంటారు. ముందు ఒంటెను కట్టెయ్యి, ఆ తర్వాత అల్లాహ్ మీద భరోసా ఉంచు అని రసూలుల్లాహ్ (స) చెప్పిన సంగతి మనం పిల్లలకు దీనియాత్‌లో నేర్పుతాం. పిల్లలకు ఈత, విలువిద్య, గుర్రపు స్వారీ నేర్పండి అని హజ్రత్ ఉమర్ (రజి) పేరుతో ఉలమా చెప్పే మాట ఎన్ని బయాన్‌లలో విన్నామో. విని సుబ్హానల్లాహ్ అని ఇంటికి వచ్చేశాం.

ముసల్మాన్లకు నీళ్లంటే భయం అని ఒక దోస్త్ హేళన చేశాడు ఒకసారి. అది తప్పు. నేను తిరిగిన ఊళ్లలో బాయి ఉన్న ఇంటి పిల్లలకు ఈత వచ్చు, ఏ మజ్‌హబ్ అయినా. నడుముకు బెండ్లు కట్టి, లేదంటే ఎండిన సొరకాయ బుర్ర కట్టి, చిన్నాయనో మేనమామో బాయిలోకి తోసేవాడు. నాలుగు రోజులకు బుర్ర విప్పేవాడు. వ్యవసాయం చేసుకునే మన దూదేకుల, ముస్లిం ఇళ్లలోనూ అంతే. ఈత రానిది టౌన్‌లో కిరాయి ఇంట్లో, చిన్న వ్యాపారం మీదో రోజు కూలీ మీదో బతికే మా బోటి వాళ్లకు. ఇప్పుడైతే పల్లెల్లోనూ బాయిలు పూడ్చి బోర్లు వేసుకున్నారు. బాయి పోయింది, దానితోపాటు ఈత నేర్పే చిన్నాయన కొలువూ పోయింది. రైతు పిల్లలు కూడా ఇప్పుడు మా లెక్కనే ఉన్నారు.

ఇక నా సంగతి. మా బావమరది జెద్దాలో ఉంటాడు. అక్కడి ఎర్ర సముద్రంలో స్కూబా డైవింగ్ నేర్చుకున్నాడు. పగడాల వీడియోలు పంపుతుంటాడు. తొమ్మిదో తరగతి చదివే మా చిన్నది ఆ వీడియోలు చూసి "అబ్బా, నేనూ నేర్చుకుంటా" అంది. నా నోట్లోంచి వచ్చిన జవాబు "నక్కో". అది నా గొంతు కాదు, దాదీ గొంతు. పిల్ల ఊరుకోలేదు. "నీకు ఈత వచ్చా?" అని అడిగింది. రాదన్నాను. "మరి నీళ్ల సంగతి నీకేం తెలుసు?" అంది. బేఅదబీ అని వాళ్ల అమ్మీ కోప్పడింది కానీ, సవాల్‌లో తప్పేమీ లేదు.

ఊళ్లోని ఈత కొలనులో చేరాను. మొదటి వారం కోచ్ నాకు ఈత నేర్పలేదు. ఛాతీ లోతు నీళ్లలో కమ్మీ పట్టుకొని నిలబడి, ముఖం ముంచి, నోటితో బుడగలు వదలడం, అంతే. పక్కన ఆరేళ్ల పిల్లలు చేపల్లా తిరుగుతూ నన్ను చూసి నవ్వేవారు. ముఖం నీళ్లలో పెట్టగానే గుండె కొట్టుకునే చప్పుడు చెవుల్లో వినిపించేది. వుజూలో రోజుకు ఐదుసార్లు ముఖం కడుక్కునేవాడిని, గిన్నెడు నీళ్లలా ఉన్న ఆ కొలనులో ముఖం పెట్టలేకపోయాను. రెండో వారం తేలడం వచ్చింది. ఒంట్లో గాలి ఉన్నంతసేపు నీళ్లు మనిషిని పైకే తోస్తాయని, కొట్టుకుంటే తప్ప తొందరగా మునగమని అప్పుడు తెలిసింది. నాలుగు నెలలకు కొలను ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చాను. ఇంటికి పోయి ఎవరికీ చెప్పకుండా కాసేపు ఏడ్చాను.

మరుసటి ఏడాది బావమరది సెలవు మీద వచ్చినప్పుడు విశాఖపట్నం పోయాం, రుషికొండ దగ్గర స్కూబా నేర్పేచోటికి. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నీళ్ల ఖౌఫ్ అంటే అసలేమిటో నాకు అక్కడే అర్థమైంది.

వీపు మీద సిలిండర్ కడతారు. అందులో ఉండేది ఆక్సిజన్ అని నేనూ వార్తల్లో రాసేవాడిని. కాదు. మనం పీల్చే మామూలు గాలినే ఒత్తి నింపుతారు. నోట్లో రెగ్యులేటర్, కళ్లకూ ముక్కుకూ కలిపి ఒక మాస్క్. ముక్కు మూసి ఉంటుంది, నోటితోనే శ్వాస. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కుస్తో, ఎమిల్ గాన్యాన్ ఇద్దరూ కలిసి తయారుచేసిన పరికరం నుంచి వచ్చింది ఇదంతా. నేర్పే అబ్బాయి మొట్టమొదట చెప్పిన కాయిదా: ఏం జరిగినా ఊపిరి బిగబట్టకూడదు. నీళ్లంటే ఊపిరి బిగబట్టడమే అని పుట్టినప్పటి నుంచి అనుకుంటున్నవాడికి ఇది తలకిందులు. కారణం ఉంది. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెండింతలు. అక్కడ నిండా పీల్చిన గాలిని బిగబట్టి పైకి వస్తే అది రెండింతలు వ్యాకోచిస్తుంది. ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. భయపడ్డ మనిషి చేసే మూడు పనులూ, ఊపిరి బిగబట్టడం, మాస్క్ పీకేయడం, పైకి ఉరకడం, అక్కడ జాన్ తీసేవే.

మాస్క్‌లోకి కావాలని కొంచెం నీళ్లు రానిచ్చి, ముక్కుతో గట్టిగా ఊది వాటిని బయటికి తోసే అభ్యాసం ఒకటుంది. ఛాతీ లోతు నీళ్లే. ముక్కుకు నీళ్లు తగలగానే నేను లేచి నిలబడ్డాను. రెండోసారీ నిలబడ్డాను. మూడోసారీ అంతే. మా చిన్నది అప్పటికే చేసి చూపించి, బొటనవేలు చూపుడువేలు కలిపి "ఓకే" సైగ చేస్తోంది. ఆ అబ్బాయి కోప్పడలేదు. "సార్, వదిలే ఊపిరిని పొడుగ్గా చేయండి, మిగతాది దానంతటదే వస్తది" అన్నాడు. నాకు తెలిసిన పొడుగాటి ఊపిరి ఒక్కటే, ఫజర్ తర్వాత తస్బీహ్ తిప్పేటప్పటిది. లోపల సుబ్హానల్లాహ్ అనుకుంటూ వదిలాను. ఐదోసారికి మాస్క్ ఖాళీ అయింది.

తర్వాత ఆరేడు మీటర్ల దాకా తీసుకుపోయారు. చెవులు నొప్పి పెడతాయి. ముక్కు పట్టుకొని మెల్లగా ఊదుతూ దిగాలి. వీడియోల్లో చూసినంత రంగులేమీ లేవు, నీళ్లు మసగ్గా ఉన్నాయి. రాళ్లు, నాచు, కొన్ని చేపలు. నాకు అవేవీ సరిగ్గా గుర్తు లేవు. మూడు అడుగుల దూరంలో నా బిడ్డ ప్రశాంతంగా బుడగలు వదలడం గుర్తుంది. చేప కడుపులో యూనుస్ అలైహిస్సలాం చేసిన దువా గుర్తొచ్చి, అంత పెద్ద మాట ఇంత చిన్న సరదాకా అని సిగ్గుపడ్డ సంగతీ గుర్తుంది.

"ఈత వచ్చినోళ్లే మునుగుతారు" అని ఓ సామెతలాంటి మాట ఉంది మన దగ్గర. కొట్టిపారేయలేం. కుంటాలలో, మానేరులో పోయినవాళ్లలో ఈత వచ్చినవాళ్లున్నారు. నీళ్ల కింద పాకురు పట్టిన బండ ఉంటుంది, ఇసుక తోడిన గుంత ఉంటుంది, పైనుంచి కనపడని ప్రవాహం ఉంటుంది. అయితే సరైన తాలీమ్ భయాన్ని పూర్తిగా తీసేయదని నేను రుషికొండలో చూశాను. దిగే ముందు జంటలో ఒకరి సామాను ఒకరు చూడాలి, వుజూలో తర్తీబ్ ఉన్నట్టు ఒక వరుసలో. 200 బార్‌ల గాలితో దిగితే 50 మిగిలి ఉండగానే పైకి రావాలి. అలలు బాగా లేకపోతే ఎంత దూరం నుంచి వచ్చినా ఆ రోజు దిగడం లేదు. మన పిల్లలకు ఇంట్లో దొరికేది "నక్కో" ఒక్కటే. ఎక్కడ దిగొచ్చు, ఎక్కడ దిగకూడదు, ఎందుకు అన్నది ఎవరూ చెప్పరు. ఆ నక్కోను దాటిన రోజు వాడి దగ్గర ఇంకే సమాచారమూ ఉండదు.

ఒకడు మునిగితే నలుగురు పోవడానికి కారణం కూడా ఇదే. మునిగేవాడు సినిమాలో లెక్క బచావో అని అరవడు. నోరు నీటి మట్టానికి వచ్చిపోతుంటే అరిచే ఊపిరి ఉండదు. చప్పుడు లేకుండా పోతాడు. చూసినవాడు దూకుతాడు. మునిగేవాడు వాడిని గట్టిగా పట్టుకుంటాడు. దూకకుండా ఒడ్డు మీదే ఉండి తాడో, పొడుగు కట్టెనో, దుపట్టానో, మూత పెట్టిన ఖాళీ డబ్బానో విసరాలని నాకు నలభై నాలుగో ఏట తెలిసింది. అప్పటికి ఇరవై ఏళ్లుగా ఆ వార్తలు రాస్తున్నాను. ఒక్క వార్తలోనూ ఈ ఒక్క వాక్యం చేర్చలేదు. ఆ గునా నాది.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. బాయిల కాలంలోనూ వాళ్లకు ఈత నేర్పింది తక్కువ. పర్దా ఎట్లా అంటారు. డైవింగ్‌కు వేసుకునే సూట్ మెడ నుంచి మడమ దాకా ఉంటుంది, నా షేర్వానీ కంటే ఎక్కువ కప్పుతుంది. కొలనులోనూ ఒళ్లంతా కప్పే ఈత బట్టలు దొరుకుతున్నాయి. ఔరతులకు వేరే టైమ్, నేర్పడానికి ఔరత్ కోచ్ అడగాలి. అడిగేవాళ్లు పదిమంది ఉంటే ఇస్తారు, ఒక్కరే ఉంటే ఇవ్వరు. హైదరాబాద్‌లో ఉండే గోలి శ్యామల గారి కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. నీళ్లంటే భయం పోగొట్టుకోవడానికని నలభైలలో ఈత మొదలుపెట్టి, 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధిని దాదాపు 30 కిలోమీటర్లు, 13 గంటలకు పైగా ఈదారామె. మా బేగమ్ ఆ ఖబర్ కత్తిరించి అల్మారీ తలుపు లోపల అంటించింది. ఆమెకు ఇంకా ఈత రాదు. ఆ కాగితం మాత్రం అక్కడే ఉంది.

మన మస్జిద్ కమిటీలు ఎండాకాలం నలభై రోజులు దీనియాత్ క్లాసులు పెడతాయి. మంచి పని. అందులో పది రోజులు, పొద్దున ఒక గంట, పిల్లలను కొలనుకు తీసుకుపోతే ఏం ఖర్చవుతుంది? ఫీజు కట్టలేని పిల్లలకు చందా వేసుకోవచ్చు. ఇఫ్తార్ దావత్‌లకు వేసుకుంటున్నాం కదా. పోయిన జుమా తర్వాత ఈ మాట మా మొహల్లా పెద్దల ముందు పెట్టాను. ముగ్గురు సై అన్నారు. ఒక హాజీ సాబ్ మాత్రం సాయంత్రం ఫోన్ చేసి, "మగపిల్లలకు మొదలుపెట్టండి భాయ్, ఆడపిల్లల ముచ్చట తర్వాత చూద్దాం" అన్నారు. తర్వాత అంటే ఎప్పుడు హాజీ సాబ్ అని అడిగాను. సలహా చేసి చెబుతానన్నారు. ఇంకా ఫోన్ రాలేదు. రేపు అసర్ తర్వాత నేనే వాళ్ల ఇంటికి పోతున్నాను, మా చిన్నదాన్ని వెంటబెట్టుకొని.