బోనెట్టు కింద నంబరు

వర్షాకాలంలో ఘాట్ రోడ్డుపై బండి నడిపే పద్ధతిని గురించి మేము ఈ శీర్షికలో నాలుగు మాటలు వ్రాసినాము. ఆ తరువాత మమ్మల్ని కలిసిన వారిలో పలువురు ఒకే ప్రశ్న అడిగారు. "మా ఇంట్లో పాత జీపు ఉన్నది. ఉంచుకోమంటారా, తూకానికి అమ్మివేయమంటారా?" ప్రశ్న చిన్నదే గాని, ఒక్క మాటతో తేలేది కాదు. కనుక ఒక జీపు విషయం చెప్పి, నిర్ణయాన్ని ఎవరికి వారికే వదలివేయదలచినాము. ఆ జీపు బచేలిలో, మా మిత్రులొకరి పెరటి రేకుల షెడ్డులో ఉన్నది.

ఈ మిత్రులు 1980 దశకంలో విజయనగరం ప్రాంతం నుండి కె.కె. లైను రైలెక్కి బస్తరుకు వచ్చిన వారు. భారీ యంత్రాల వర్క్‌షాపులో ఉద్యోగం. పదవీ విరమణ తరువాత స్వగ్రామానికి వెళ్ళిపోతారని అందరూ అనుకున్నారు. వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని అడిగితే, సతీమణి వైపు చూసి నవ్వుతారు. ఆవిడ షెడ్డు వైపు చూపిస్తారు.

బస్తరుకూ జీపుకూ ఉన్న అనుబంధం పాతది. 1941లో యుద్ధం కోసం పుట్టిన విల్లీస్ జీపును మన దేశంలో మహీంద్రా వారు 1947లో కూర్చడం మొదలుపెట్టారు. 1958లో దండకారణ్య ప్రాజెక్టు, అదే ఏడాది నవంబరులో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ ఏర్పడ్డాయి. 1960లో జపానుతో ఇనుప ఖనిజపు ఒప్పందం కుదిరింది. తారు రోడ్లు అరుదైన ఆ రోజులలో బైలదిల్లా కొండల దారి పట్టిన సర్వే అధికారికైనా, వైద్యునికైనా, గుత్తేదారుకైనా జీపే ఆధారము. బైలదిల్లా అంటే ఎద్దు మూపురమని అర్థం. ఆ మూపురం ఎక్కడానికి మామూలు కారు పనికిరాదని వేరే చెప్పనక్కరలేదు. దక్షిణాన కుంట, పడమట భూపాలపట్నం వైపు మన తెలుగువారి ఊళ్ళకు సైతం సంతకు, పెళ్ళికి, ఆసుపత్రికి జీపే చాలాకాలం దిక్కుగా ఉన్నది.

మా మిత్రుని జీపు సి.జె.3బి రకానిది. బోనెట్టు ఎత్తుగా, పెట్టెలాగా ఉంటుంది. చూడడానికి అందమని కొందరు, కాదని కొందరు అంటారు. ఆ ఎత్తుకు కారణం లోపలి ఇంజను. హరికేన్ అనే ఈ నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజనులో గాలి లోపలికి వచ్చే వాల్వులు పైన హెడ్డులోనూ, పొగ బయటికి పోయే వాల్వులు కింద బ్లాకులోనూ ఉంటాయి. అందువల్ల ఇంజను ఎత్తు పెరిగింది, దానితో బోనెట్టూ పెరిగింది. అమెరికాలో 1953లో వచ్చిన ఈ రకం అక్కడ 1968లో ఆగిపోయినా, మన దేశంలో మరికొన్ని దశాబ్దాలు తయారైంది.

ఆయన ఈ బండిని 1991లో వేలంపాటలో కొన్నారు. అప్పటికే దానికి పదిహేనేళ్ళు. పెట్రోలు ఖర్చు భరించలేక 1994లో హరికేన్ ఇంజను దింపించి, ప్రమాదానికి గురైన మరొక జీపులోని ప్యూజో డీజిల్ ఇంజను ఎక్కించారు. ఆ రోజులలో ఊరికి పది జీపులుంటే అందులో కొన్ని ఇలా గుండె మార్చుకున్నవే. ఇంజనుకు, గేరుబాక్సుకు మధ్య కలిపే పలకను లేత్ షాపులో చేయించారు. బరువు పెరిగినందున ముందు కమాన్ కట్టలకు ఒక్కొక్క పట్టీ అదనంగా వేయించారు. అంతా సక్రమంగానే జరిగినది, ఒక్కటి తప్ప. మార్చిన ఇంజను నంబరును రిజిస్ట్రేషన్ పుస్తకంలో నమోదు చేయించే పని ఒక మధ్యవర్తికి అప్పగించారు. అతడు డబ్బు తీసుకున్నాడు. పుస్తకం తిరిగి ఇచ్చాడు. నంబరు మాత్రం ఎక్కలేదు. మా మిత్రులు ఆ పుట తెరిచి చూసుకోనూ లేదు! వర్క్‌షాపులో ప్రతి నట్టునూ రెండుసార్లు తడిమి చూసే మనిషి, సొంత కాగితం ఒక్కసారైనా చదువుకోలేదు. ఈ మాట ఆయన ఎదుటనే అన్నాము, ఒప్పుకున్నారు.

ముప్పయి ఏళ్ళు గడిచినవి. మునుపటి తనిఖీలలో లైట్లు, బ్రేకులు, చాసిస్ నంబరు చూశారే గాని ఇంజను నంబరు దాకా ఎవరూ వంగి చూడలేదు. ఈసారి గడువు దగ్గర పడినప్పుడు, కొత్త నిబంధనల గురించి నలుగురూ చెప్పుకోవడం విని, మా మిత్రులు తామే టార్చిలైటు పట్టుకొని బోనెట్టు కిందకు వంగారు. పుస్తకంలో ఉన్న నంబరు వేరు, బ్లాకుపై ఉన్న నంబరు వేరు.

ఆ నిబంధనలేమిటో ఇక్కడ చెప్పడం అవసరం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను వాహనాలలో మార్పుచేర్పులకు సంబంధించినది. పుస్తకంలో నమోదైన వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేటట్లు వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సెక్షనును వివరిస్తూ స్పష్టం చేసినది. సొంత వాహనానికి మొదటి పదిహేనేళ్ళు గడిచిన తరువాత తనిఖీ చేయించి, అయిదేసి ఏళ్ళకు పొడిగించుకోవచ్చును. 600 రూపాయలున్న ఆ రుసుము 2022 ఏప్రిల్ నుండి 5,000 అయినది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటిన కార్లకు, జీపులకు 10,000కు పెరిగినది.

ప్రభుత్వ వాహనాల సంగతి వేరు. 2023 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వ శాఖల, ప్రభుత్వరంగ సంస్థల వాహనాలకు పదిహేనేళ్ళు నిండితే పొడిగింపు లేదు, తుక్కుకు పోవలసినదే. రక్షణ, శాంతిభద్రతల అవసరాలకు వాడే ప్రత్యేక వాహనాలకు మాత్రమే మినహాయింపు. అంటే ఒకప్పటివలె పాత జీపు వేలానికి వచ్చి, ఉద్యోగి ఒకరు కొనుక్కొని, ఇంకొక ముప్పయి ఏళ్ళు నడుపుకునే దారి మూసుకుపోయినది. పొగ, భద్రత దృష్ట్యా ఆ నిర్ణయంలో న్యాయమున్నదని మేము ఒప్పుకుంటాము. ఒప్పుకుంటూనే, చేతులలో మిగిలిన కొద్ది జీపుల విలువ దానివల్ల పెరిగినదని కూడ గుర్తించాలి. ఇక ముందు వచ్చేవి లేవు.

మా మిత్రుని ముందు మూడు దారులు. ఏమీ ఎరగనట్లు బండి తీసుకువెళ్ళడం ఒకటి. ఆయన స్వభావానికి అది సరిపడదు. అనుమతి కోసం దరఖాస్తు పెట్టి, ముప్పయి ఏళ్ళనాటి డీజిల్ ఇంజనుకు ఇప్పుడు కాగితాలు వెదకడం రెండవది. ప్రమాదంలో పోయిన ఆ జీపు యజమాని జాడ ఎక్కడ? మూడవది, పాత ఇంజనును మళ్ళీ ఎక్కించడం. అదృష్టమేమంటే, ఆయన ఆ హరికేన్ ఇంజనును అమ్మలేదు. సిలిండర్లలో నూనె పోసి, పైన గ్రీజు పూసి, గోనెసంచులు చుట్టి షెడ్డు మూలన ఉంచారు. "బియ్యం డబ్బా ఎక్కడుంటుందో ఇప్పటికీ తెలియదు గాని, ఆ గోనెసంచి మాత్రం ఏటా విప్పి చూసేవారు" అని వదినగారు మాతో అన్నారు.

ఆ పని ఆరు నెలలు పట్టినది. మేము వీలైనప్పుడల్లా వెళ్ళి కూర్చునేవారము, సాయం చేసినామని చెప్పలేము. బ్లాకును జగదల్‌పూర్‌కు తీసుకువెళ్ళి బోరు చేయించారు. పిస్టన్లు, రింగులు దొరికినవి. పొగ వాల్వుల సీట్లు తిని ఉన్నందున కొత్తవి వేయించవలసి వచ్చినది. కార్బురేటరు విప్పినప్పుడు ఇంకొక చిక్కు బయటపడినది. ఇప్పుడు బంకులలో దొరికే పెట్రోలులో ఇరవై శాతం వరకు ఇథనాలు కలుస్తున్నది. ఆనాటి రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపులోని పొర దీనికి తట్టుకోవు, ఉబ్బి, పగిలిపోతాయి. ఇథనాలు గాలిలోని తేమనూ పీల్చుకుంటుంది. బస్తరు వానలలో రెండు నెలలు బండి కదలకుండా నిలబడితే టాంకు అడుగున నీరు చేరినా ఆశ్చర్యం లేదు. కావున ఆయన గొట్టాలన్నీ మార్చి, పంపు పొరను ఇథనాలుకు తగినది వేసి, టాంకును వానాకాలంలో నిండుగా ఉంచుతున్నారు. లోపల ఖాళీ తగ్గితే తేమకు చోటు తగ్గుతుంది. పాత పెట్రోలు బండి ఉన్న ప్రతివారూ చేయవలసిన పని ఇది.

గాలి వడపోత విషయంలో మన ప్రాంతానికే చెందిన ఒక జాగ్రత్త ఉన్నది. బ్లూ డస్ట్ అని మనం పిలుచుకునే మెత్తని ఖనిజపు పొడి ఎంత సన్ననిదో గనిలో పనిచేసిన వారికి తెలుసును. అది సిలిండరులోకి పోతే ఆకురాయి పెట్టినట్లే. ఈ జీపుది నూనె గిన్నె ఉండే పాతకాలపు వడపోత. లోపలికి వచ్చే గాలిని నూనె మీదుగా మళ్ళిస్తే దుమ్ము నూనెలో చిక్కుకుంటుంది. ఎండాకాలంలో మా మిత్రులు ప్రతి ఆదివారం ఆ గిన్నె విప్పుతారు. అడుగున పేరుకున్న నల్లని బురదను వేలితో తీసి మాకు చూపించారు. "ఇదంతా ఇంజను తినవలసినది" అన్నారు.

తేలిక ఇంజను వచ్చినందున ముందు కట్టల నుండి అదనపు పట్టీలు తీసివేశారు. వాటిని అలాగే వదిలితే బండి ముందుభాగం కర్రలాగా బిగుసుకొని, గుంతలలో చక్రం నేలను వదిలివేస్తుంది. మార్పు ఒకటి చేస్తే దాని వెంట మరి నాలుగు చేయవలసి వస్తుంది, వెనుకకు తిప్పినా అంతే.

ఈ సందర్భంలో సోకుల మార్పులను గురించి మా అభిప్రాయం చెప్పకుండా ఉండలేము. జీపును ఎత్తు లేపి, పెద్ద టైర్లు తొడిగి, పైన వరుసగా తెల్లని దీపాలు బిగించే ఉత్సాహం యువకులలో ఎక్కువగా ఉన్నది. ఈ జీపు చక్రాల మధ్య దూరం 80 అంగుళాలు, వెడల్పూ తక్కువే. అటువంటి పొట్టి బండిని ఇంకా ఎత్తు చేస్తే అడ్డవాలులో పల్టీ కొడుతుంది. ముందు బిగించే ఇనుప కడ్డీల చట్రాన్ని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే కూడదన్నది. దారిన పోయే మనిషికి తగిలితే అది ప్రాణాంతకము. దీపాల వరుస ఎదుటివాని కళ్ళు మూస్తుంది. ఘాట్ రోడ్డు మలుపులో ఎదుటివాని కళ్ళు మూసి మనం సాధించేదేమిటి? మా మిత్రుడు చేసిన మార్పులు మూడే. మూడు కొసలుండే సీటు బెల్టులు, వెనుక ఒక బలమైన లాగుడు కొక్కెము, వదినగారు ఎక్కడానికి పక్కన ఒక మెట్టు.

తనిఖీ రోజున మేమూ వెంట వెళ్ళినాము. అధికారి బోనెట్టు ఎత్తించి, గుడ్డతో బ్లాకును తుడిపించి, నంబరును అంకె అంకెగా చదివారు. పుస్తకంలో చూశారు. మళ్ళీ బ్లాకును చూశారు. మా మిత్రులు ఈ సేపంతా చేతులు వెనుకకు కట్టుకొని నిలబడ్డారు. పుస్తకం పాత పుటలలో మధ్యప్రదేశ్ ముద్రలు, 2000 తరువాతి పుటలలో ఛత్తీస్‌గఢ్ ముద్రలు. వాటి పక్కన అయిదేళ్ళకు ఇంకొకటి చేరినది.

ఆ తరువాతి ఆదివారం గీదం మీదుగా బార్సూరు వెళ్ళి వచ్చినాము. వెనుక సీటులో వదినగారు, పులిహోర డబ్బా. మొదటి గేరు వేయాలంటే బండి పూర్తిగా ఆగాలి, లేదా క్లచ్చి రెండుసార్లు తొక్కాలి. దిగుడులో మిత్రులు లో గేరు వేసి, బ్రేకు మీద కాలు పెట్టకుండా ఇంజను పట్టుతోనే దించారు. కొండపై నుండి సంస్థ జీపును దించిన రోజులలో నేర్చినదట. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే; వేడెక్కితే పట్టు వదిలే గుణం వాటిది. మట్టిదారిలో ఒక వాగు అడ్డు వచ్చినది. నీరు మోకాలి లోతు. దాటే ముందు పది నిమిషాలు బండి ఆపి, హౌసింగులను చల్లారనిచ్చారు. వేడి హౌసింగు హఠాత్తుగా చన్నీటిలో దిగితే లోపలి గాలి ముడుచుకొని, సీళ్ళ సందులలోనుండి నీటిని పీల్చుకుంటుంది. గేరు నూనె పాలు కలిపిన కాఫీ రంగుకు మారితే అదే కారణము. మరునాడు కింద బిరడా విప్పి చూశారు. నూనె శుభ్రంగా ఉన్నది.

లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చినదని వదినగారు దారిలో రెండుసార్లు అడిగారు. మిత్రులు వినిపించుకోలేదు. డీజిలుతో పోలిస్తే ఖర్చు బాగా పెరిగినదన్నది నిజము. అందుకని జీపు ఇప్పుడు నెలకు రెండు మూడుసార్లే బయటికి వస్తున్నది.

పాత వాహనాలున్న సహోద్యోగులు గడువు తేదీని ఒకసారి చూసుకోగలరు. పొడిగింపు దరఖాస్తును గడువుకు ముందు అరవై రోజులలోగా ఇవ్వాలి. అంతకంటే ముందే టార్చిలైటు తీసుకొని ఇంజను, చాసిస్ నంబర్లను పుస్తకంతో సరిపోల్చుకోవడం మంచిది. తేడా ఉంటే సరిచేసుకోవడానికి మా మిత్రునికి ఆరు నెలలు పట్టినదని గుర్తుంచుకోవాలి. దింపిన డీజిల్ ఇంజను మాత్రం అమ్మకానికి లేదు. అడిగి చూసినాము. నూనె పోసి, గోనెసంచి చుట్టి, షెడ్డులో అదే మూలన పెట్టారు.