ముందు తాళం, తర్వాతే చూపు

సంక్రాంతి దగ్గర పడుతోందంటే జంషెడ్‌పూర్‌లోని తెలుగు కుటుంబాలకు ఒకటే ఆరాటం: విశాఖ వైపు వెళ్లే రైల్లో బెర్త్. ఉక్కు కర్మాగారంలో, రైల్వేలో పనికి వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడ్డవారు వీరు. టాటానగర్ స్టేషన్ కౌంటర్లో ఒకరు, విశాఖపట్నం కౌంటర్లో మరొకరు ఒకే క్షణంలో ఒకే రైలుకు టిక్కెట్ అడిగారనుకుందాం. మిగిలింది ఒక్క బెర్త్. రెండు కౌంటర్ల ప్రోగ్రాములూ ఫైలు తెరిచి చూశాయి. ఖాళీ ఉంది. రెండూ పేరు రాశాయి. రెండోసారి రాసిన పేరు మొదటిదాన్ని చెరిపేసింది. ఇద్దరి చేతుల్లోనూ టిక్కెట్లున్నాయి, చార్టులో మాత్రం ఒక్కరే. విడివిడిగా చూస్తే ఏ ప్రోగ్రామూ తప్పు చేయలేదు. చూడటానికీ రాయడానికీ మధ్య దొరికిన ఆ లిప్తపాటు సందులోనే తప్పంతా ఉంది.

కంప్యూటర్ పరిభాషలో దీన్ని రేస్ కండిషన్ అంటారు. పందెంలో ఎవరు ముందన్నదాన్ని బట్టి ఫలితం మారిపోవడమన్న మాట. దీనితో చిక్కేమిటంటే, పరీక్షల్లో ఓ పట్టాన దొరకదు. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాలు, కెనడాలోని ఒంటారియో చీకట్లో మునిగి సుమారు 5 కోట్ల మంది ఇబ్బంది పడ్డారు. అంతకుముందు ఒహాయోలో విద్యుత్ లైన్లు ఒక్కొక్కటిగా ట్రిప్ అవుతున్నా కంట్రోల్ రూమ్‌లో అలారం మోగలేదు. ఒకే సమాచారంలో ఒకేసారి రాసే అవకాశం రెండు ప్రోగ్రాములకు దొరకడంతో అలారం వ్యవస్థ మూగబోయిందని దర్యాప్తులో తేలింది. ఆ సాఫ్ట్‌వేర్ అప్పటికే వేర్వేరు చోట్ల మొత్తం 30 లక్షల గంటలకు పైగా పనిచేసిందని, లోపం ఒక్కసారీ బయటపడలేదని తయారీ సంస్థ చెప్పింది.

విచిత్రమేమిటంటే, కంప్యూటర్లు రాకముందే రైల్వేవారు దీనికి విరుగుడు కనిపెట్టారు. సింగిల్ లైన్‌పై రెండు స్టేషన్ల మధ్య టోకెన్ చేతికందితేనే డ్రైవర్ బండి కదిలించాలి. రెండు చోట్లా యంత్రాలున్నా, వాటి నుంచి ఒకసారికి ఒక్క టోకెనే బయటికి వస్తుంది. అది మళ్లీ యంత్రంలో పడేదాకా మరో బండికి దారి లేదు. 1960లలో డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ప్రోగ్రాముల మధ్య ఇలాంటి క్రమశిక్షణ తెచ్చే సాధనాన్ని రూపొందించి, దానికి రైల్వే సిగ్నల్ పేరే పెట్టారు: సెమఫోర్.

ఆపరేటింగ్ సిస్టమ్ ఫైలుకు వేసే లాక్ కూడా టోకెన్ లాంటిదే. చదివేవారు ఎందరైనా కలిసి చదవొచ్చు. రాసేవారు మాత్రం ఒక్కరే ఉండాలి, అప్పుడు మిగతావారు ఆగాలి. రైల్వే రిజర్వేషన్ వ్యవస్థ కాన్సర్ట్ 1994లో సికింద్రాబాద్‌లో మొదలై, 1999 నాటికి దేశంలోని ఐదు కేంద్రాలనూ కలిపింది. అది దశాబ్దాల పాటు నడిచిన ఓపెన్‌వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో లాకులకు ప్రత్యేక విభాగమే ఉంది. అందులో ఆరు రకాల లాకులున్నాయి. మొత్తం ఫైలునే కాదు, ఒక్క రికార్డునూ బిగించవచ్చు.

అయితే తాళం ఉన్నంత మాత్రాన దొంగతనం ఆగదు. యునిక్స్, లైనక్స్‌లలో ఫైలు లాక్ సాధారణంగా మర్యాద మీద నడుస్తుంది. లాక్ అడగకుండా నేరుగా రాసేసే ప్రోగ్రామును సిస్టమ్ అడ్డుకోదు. పది ప్రోగ్రాముల్లో తొమ్మిది నియమం పాటించినా పదోది చాలు, రికార్డు పాడవడానికి. ఇంకో పొరపాటు మరీ మామూలు. ముందు ఖాళీ ఉందో లేదో చూసి, ఆ తర్వాత లాక్ వేయడం. అప్పటికి చూసిన సంగతి పాతబడి ఉండొచ్చు. 2016లో బయటపడ్డ 'డర్టీ కౌ' లోపం ఈ జాతిదే. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైళ్లలో రాసేందుకు అది దారిచ్చింది. 2007 నుంచీ లైనక్స్‌లో ఉన్నా దాదాపు తొమ్మిదేళ్లు అలాగే కొనసాగింది.

పోనీ అన్నిటికీ ఒకే పెద్ద తాళం వేస్తే? భద్రతకు లోటుండదు కానీ క్యూ కదలదు. 1996లో లైనక్స్ అలాంటి తాళంతోనే బహుళ ప్రాసెసర్లపై నడక మొదలుపెట్టింది. దాన్ని చిన్న చిన్న తాళాలుగా విడగొట్టి పూర్తిగా వదిలించుకునేసరికి 2011 వచ్చింది. చిన్న తాళాలతో మరో తంటా. ఒక ప్రోగ్రాము రైలు ఫైలు పట్టుకుని డబ్బుల ఫైలు కోసం, ఇంకొకటి డబ్బుల ఫైలు పట్టుకుని రైలు ఫైలు కోసం ఎదురుచూస్తే రెండూ కదలవు. దీన్నే డెడ్‌లాక్ అంటారు. మందు తేలికే: అన్ని ప్రోగ్రాములూ తాళాలను ఒకే వరుసలో తీసుకోవాలి, పని కాగానే వదిలేయాలి.

భూమి రికార్డులు, బ్యాంకు ఖాతాలు, కాలేజీ సీట్లు అన్నీ కంప్యూటర్లోకి చేరాయి. వాటిని కొనేటప్పుడు ఎంత వేగంగా పనిచేస్తుందని అందరూ అడుగుతారు. ఒకే వస్తువు కోసం ఇద్దరు ఒకేసారి వస్తే ఏమవుతుందని అడిగేవారు తక్కువ. "ఉందా?" అని చూడటం, "నాకివ్వు" అని తీసుకోవడం రెండు వేర్వేరు పనులుగా ఉన్నంతకాలం మధ్యలో మరొకరు దూరే సందు ఉంటుంది. ఆ రెంటినీ విడదీయలేని ఒకే పనిగా మార్చడమే లాక్ చేసే మేలు. అది లోపించినప్పుడు నష్టపోయేది యంత్రం కాదు, చేతిలో టిక్కెట్ పట్టుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనిషి.