మిల్లు మూతపడితే ప్లాట్లేనా?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన తల్లిదండ్రుల ఫోన్లలో ఫొటోల వరస ఒకటే. నయాగరా, స్వేచ్ఛా ప్రతిమ, ఒక గుడి, ఒక అవుట్‌లెట్ మాల్. మసాచుసెట్స్‌లో, దాన్ని ఆనుకునే ఉన్న నాషువాలో మనవాళ్లకు కొదవలేదు. అక్కణ్నుంచి కూతవేటు దూరంలో లోవెల్ ఉంది. "అక్కడేముందండీ చూడ్డానికి, పాత బట్టల మిల్లు!" అని ఈ వారం ఒక పెద్దాయన తేల్చిపారేశారు. మరొకరు అని ఉంటే నవ్వి ఊరుకునేవాణ్ని. ఆయనది వరంగల్.

లోవెల్ మెరిమాక్ నది ఒడ్డున ఉన్న ఎర్ర ఇటుకల ఊరు. పావ్‌టకెట్ జలపాతం దగ్గర నది సుమారు 30 అడుగుల కిందికి దిగుతుంది. ఆ నీటిని కాలువల్లోకి మళ్లించి, చక్రాలు తిప్పి, 1820ల్లో అక్కడ మిల్లులు నడిపారు. 1850 నాటికి 33 వేల జనాభాతో రాష్ట్రంలో రెండో పెద్ద పట్నమైంది. ఇరవయ్యో శతాబ్దంలో మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, ఊరు చితికిపోయింది. 1978లో ఆ కాలువలనీ మిల్లులనీ కలిపి జాతీయ చారిత్రక పార్కుగా ప్రకటించారు. పూలమొక్కలూ ఉయ్యాలలూ ఉంటాయని వెళ్లేవాళ్లు నిరాశపడతారు. ఊరే పార్కు.

బూట్ మిల్లు కింది అంతస్తులో మగ్గాల గది ఉంది, 88 మరమగ్గాలు. నడిపి చూపించేది అందులో కొన్నిటినే. అయినా లోపలికి వెళ్లేముందు చెవుల్లో పెట్టుకోవడానికి బిళ్లలిస్తారు. నేల అదురుతుంది. మాట వినపడదు కాబట్టి పనివాళ్లు పెదాల కదలికను బట్టి మాట్లాడుకునేవారట. గాలి తగిలితే దారం తెగుతుందని కిటికీలు బిగించేవారు. నాడెలో దారం ఎక్కించడానికి రంధ్రం దగ్గర నోరు పెట్టి పీల్చాలి, పొద్దున్నించి రాత్రిదాకా ఒకరి తర్వాత ఒకరు అదే నాడెను. క్షయ ఊరికే రాలేదు.

మొదటి తరం పనివాళ్లు చాలామంది పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు. వారానికి 73 గంటల పని. కంపెనీ వసతి గృహంలో రాత్రి పదింటికి తలుపులు మూసేవారు. 1834లో కూలి కోస్తామంటే సమ్మెకు దిగారు. 1836లో వసతి ఖర్చు పెంచితే మళ్లీ దిగారు. ఆ రెండోసారి తన అంతస్తు వాళ్లందరినీ వెంటబెట్టుకుని బయటికి నడిచిన హ్యారియట్ హాన్సన్‌కు పదకొండేళ్లు. కూతుర్ని అదుపులో పెట్టలేదని వసతి గృహం నడిపే తల్లిని కంపెనీ తీసేసింది. ఇవన్నీ అక్కడ గోడల మీద రాసి ఉన్నాయి. మిల్లుకు వచ్చిన పత్తి బానిసలు పండించినదే. నేసిన ముతక గుడ్డలో కొంత తిరిగి ఆ బానిసల ఒంటిమీదికే పోయింది. అదీ చెప్పారు, ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది.

మనకు సంబంధించినవీ ఉన్నాయి అక్కడ. లోవెల్ కాలువల ఇంజనీరు జేమ్స్ ఫ్రాన్సిస్ అక్కడే ప్రయోగాలు చేసి మెరుగుపరిచిన టర్బైన్ ఆయన పేరుతోనే లోకమంతా తిరుగుతోంది. శ్రీశైలంలోనూ నాగార్జునసాగర్‌లోనూ కరెంటు తీసేది ఆ రకం టర్బైన్లే.

ఇక సుంకం సంగతి. నా పాఠకులకు ఇది పాతపాటే, మళ్లీ పాడక తప్పదు. ఈ ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ ఇంగ్లండు మిల్లులు తిరిగి, నమూనాలు దేశం దాటించకూడదన్న చట్టం ఉన్నా, మరమగ్గం తీరును బుర్రలో పెట్టుకుని వచ్చాడు. మేధోసంపత్తి హక్కుల గురించి ఇవాళ మనకు పాఠాలు చెప్పే దేశానికి బట్టల పరిశ్రమ అలా అబ్బింది. తర్వాత ఆయన వాషింగ్టన్ వెళ్లి 1816 సుంకాల చట్టంలో ఒక మెలిక పెట్టించాడు. దిగుమతయ్యే నూలు గుడ్డ చదరపు గజం ఎంత చవకదైనా సరే, పాతిక సెంట్ల సరుకుగానే లెక్కగట్టి పాతిక శాతం వసూలు చెయ్యాలి. అంటే ఎనిమిది సెంట్ల గుడ్డకు ఆరుంబావు సెంట్ల పన్ను! దెబ్బ తగిలింది అచ్చంగా మన చవక నూలు బట్టకే. కలకత్తా, మద్రాసు రేవుల నుంచి ఓడల్లో తెచ్చుకుని కట్టుకున్నవాళ్లే గుమ్మం మూసేశారు. స్వేచ్ఛా వాణిజ్యం ఎదిగినవాడు ఎదగనివాడికి చెప్పే నీతి. 2025 ఆగస్టులో మన సరుకు మీద అమెరికా సుంకం 50 శాతానికి ఎక్కినప్పుడు భీమవరం రొయ్యల రైతు గుండె జారింది కానీ, ఈ చరిత్ర తెలిసినవాళ్లు ఆశ్చర్యపోలేదు.

వరంగల్ పెద్దాయన దగ్గరికి వద్దాం. ఆజంజాహీ మిల్లు 1934లో నిజాం తన పెద్దకొడుకు పేరున పెట్టించినది. వేల కుటుంబాలకు అన్నం పెట్టి, 2002లో మూతపడింది. యంత్రాలు పోయాయి, షెడ్లు పోయాయి, స్థలం ప్లాట్లయింది. ఆ తర్వాత 2017లో అదే వరంగల్ పక్కన వెయ్యి ఎకరాలకు పైగా సేకరించి మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేశాం. అందులో ఒక్క షెడ్డు పాతమిల్లు జ్ఞాపకానికి కేటాయించాలని ఎవరికైనా తోచిందా? బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో ఆగిపోయింది, దాన్ని తెరిపిస్తామన్న మాట ఎన్నికలకొకసారి వినపడుతుంది. రాజమండ్రిలో 1900లో తెరిచిన హేవ్‌లాక్ వంతెనకు 1997లో రైళ్లు ఆపేశారు. దాన్ని పర్యాటక కేంద్రం చేస్తామన్న ప్రకటనలకు లెక్కలేదు, వంతెన మాత్రం తుప్పు పడుతోంది.

లోవెల్ వాళ్లేమీ పుట్టు పుణ్యాత్ములు కారు. 1966లో పట్టణాభివృద్ధి పేరుతో పనిపిల్లల వసతి గృహాల వరసను వాళ్లూ నేలమట్టం చేశారు. అది చూసి కడుపు మండినవాళ్లలో ప్యాట్రిక్ మోగన్ అనే విద్యావేత్త ఉన్నాడు. మిల్లు కూలీల పిల్లలు తమ ఊరిని చూసి సిగ్గుపడకూడదన్నది ఆయన పట్టు. ఆ ఊరివాడే పాల్ సాంగస్ ఆ మాటను కాంగ్రెసు దాకా మోశాడు. డబ్బు మూలుగుతున్నప్పుడు చేసిన పని కాదది, ఊరు దివాలా తీసి కూర్చున్నప్పుడు చేసిన పని. "మన దగ్గర నిధుల్లేవు" అనేవాళ్లు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

నిధుల్లేవా నిజంగా? ఏ మున్సిపాలిటీకి పోయినా చెరువుగట్టున 'ఐ లవ్' అంటూ ఊరిపేరు వెలిగే అక్షరాలు, రంగులు మారే ఫౌంటెను, సిమెంటు జిరాఫీ. కరీంనగర్‌కూ కాకినాడకూ అదే జిరాఫీ! ఆ ఊళ్లో ఎవరు ఏం పనిచేసి బతికారో చెప్పే పలక ఒక్కటి కనబడదు. సుందరీకరణ టెండర్లకు దొరికే కోట్లు కూలీవాడి చరిత్రకు దొరకవు, అందులో కమీషన్ తక్కువ కాబట్టి.

ప్రభుత్వం కదిలేదాకా ఆగక్కర్లేదు. ఆజంజాహీలో సాంచాలు నడిపినవాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు, అందరూ పెద్దవాళ్లయ్యారు. వరంగల్ పాఠకులారా, మీ ఇంట్లో మిల్లు గుర్తింపు కార్డు, జీతం చీటీ, యూనియన్ కరపత్రం, గేటు ముందు దిగిన ఫొటో ఏదున్నా పాత పేపర్లతో పాటు తూకానికి వెయ్యకండి. నాన్ననో తాతనో ఎదురుగా కూర్చోబెట్టి, ఫోన్లో రికార్డు నొక్కి, ఏ ఖాతాలో పనిచేశారో ఈ ఆదివారమే అడగండి.