నానమ్మ మందుల డబ్బా చెప్పిన ఫార్మా పాఠం

సెకండియర్ ఎంబీబీఎస్‌లో ఫార్మకాలజీ మొదలవగానే చాలామంది చేసే పనే నేనూ చేశాను. జనరల్ ఫార్మకాలజీ బోర్ అనిపించి, నేరుగా బీపీ మందులు, యాంటీబయాటిక్స్ మీద పడ్డాను. ఇంటర్నల్స్‌కు రెండు రోజుల ముందు కేడీ త్రిపాఠి పుస్తకం తీసి డెఫినిషన్లు బట్టీ పట్టేశా. ఫస్ట్ పాస్ మెటబాలిజం అంటే ఏంటని నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని.

ఆ సెలవుల్లో ఊరెళ్లా. ఓ సాయంత్రం నానమ్మకు గుండె పట్టేసినట్టయింది. నాలుక కింద పెట్టుకోమని డాక్టరు ఇచ్చిన మాత్రను నీళ్లతో గుటుక్కున మింగేసింది. ఆ నీళ్ల గ్లాసు అందించింది నేనే! నొప్పి తగ్గలేదు. ఆటోలో ఆస్పత్రికి పరుగెత్తాం. "మాత్ర మింగించారా?" అని డ్యూటీ డాక్టర్ అడిగేదాకా నాకు వెలగలేదు. ఆ పూటకు గండం గడిచింది కానీ, నా తల మాత్రం వాలిపోయింది.

నేను బట్టీ పట్టింది సరిగ్గా అదే. మింగిన మందు పేగుల నుంచి ముందు లివర్‌కు వెళ్తుంది. ఇలాంటి మందులో చాలా భాగాన్ని లివర్ అక్కడే విరగ్గొట్టేస్తుంది. నాలుక కింద పెడితే ఆ టోల్‌గేట్ తగలకుండా నిమిషాల్లో రక్తంలో కలుస్తుంది.

అప్పట్నుంచి ఆమె మందుల డబ్బా ముందు పెట్టుకునే చదివాను. ఆస్ప్రిన్ హాఫ్ లైఫ్ 15-20 నిమిషాలే. మరి రోజుకు ఒక్కటే ఎందుకు? అది ప్లేట్‌లెట్‌లోని ఎంజైమ్‌ను శాశ్వతంగా మూసేసి పోతుంది. ఆ ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ, అంటే 7-10 రోజులు, ఆ ప్రభావం ఉంటుంది. మందు రక్తంలో ఎంతసేపు ఉందన్నది, ఎంతకాలం పనిచేసిందన్నది వేర్వేరు లెక్కలు.

ఇంకోసారి నానమ్మే అడిగింది: "ఏమే డాక్టరమ్మా, షుగర్ మాత్ర 500, బీపీ మాత్ర 5. ఆ ఐదుది మానేస్తే ఏమవుద్దిలే?" చిన్న నంబర్ అంటే చిన్న మందు అనుకుంది! ఎంత కొంచెంతో పనిచేస్తుందన్నది పొటెన్సీ, గరిష్ఠంగా ఎంత పనిచేయగలదన్నది ఎఫికసీ. మిల్లీగ్రాములు చూసి మందు గొప్పదనం చెప్పలేం. ఆ తేడా తెలియక ఆమె బీపీ మాత్ర మానేసేదే.

మీరూ ఫార్మా చదువుతుంటే ఒక్క పని చేయండి. ప్రతి డెఫినిషన్ పక్కన మీ ఇంట్లో వాడే ఒక మాత్ర పేరు రాసుకోండి. "ఇది ఇలాగే ఎందుకు వేసుకోవాలి?" అని అడగండి. జవాబు దొరక్కపోతే ఆ డెఫినిషన్ మీకింకా రానట్టే. వైవాలో ఎగ్జామినర్ అడిగేదీ దాదాపు అదే.

ఇప్పుడు ఆ మాత్రల షీటు మీద మార్కర్‌తో పెద్దక్షరాల్లో రాసిపెట్టా: "కూర్చుని, నాలుక కింద. నీళ్లొద్దు. తగ్గకపోతే వెంటనే ఆస్పత్రికి." నా నోట్స్‌లో నాకు బాగా నచ్చిన పేజీ అదే.