పచ్చనీరు మురికినీరు కాదు

మార్చి నెలలో ఓ ఉదయం. విశాఖపట్నంలోని రుషికొండకు కాస్త దూరంలో పడవ పక్కనే నీళ్లలోంచి పైకి తేలిన కుర్రాడు మాస్కు తీస్తూనే, "అంతా మురికండీ, ఏమీ కనపడలేదు" అన్నాడు. అంతకుముందు అండమాన్‌లో హేవ్‌లాక్ దగ్గర డైవ్ చేసి వచ్చినవాడు. అతని మాట నన్ను పెద్దగా బాధించలేదు. గైడు ఇచ్చిన జవాబే బాధించింది. "సారీ సార్, ఈ టైములో వాటర్ బాగోదు" అన్నాడు. ఏడాదిలో సముద్రం నిండుగా పూతకొచ్చే రోజులవి. వాటి కోసం అతను క్షమాపణ చెప్పుకున్నాడు.

స్కూబా లోకంలో ఈ అభిప్రాయం వేళ్లూనుకుపోయింది. నీరు ఎంత నీలంగా, ఎంత తేటగా ఉంటే సముద్రం అంత మంచిదట. 30 మీటర్లు కనిపిస్తే గొప్ప డైవ్, 5 మీటర్లే కనిపిస్తే డబ్బు దండగ. ప్రకటనలు, ఫొటోలు, డైవర్ల కబుర్లు అన్నీ ఈ ఒక్క కొలతతోనే సముద్రాన్ని తూస్తున్నాయి. ఈ కొలత తప్పని నా వాదన. పైగా దీనివల్ల మన తీరానికి నష్టం కూడా జరుగుతోంది.

ముందు ఆ పచ్చదనం ఎక్కడిదో చూద్దాం. ఫిబ్రవరి దాటాక నైరుతి గాలులు మన కోస్తా వెంబడి వీస్తాయి. భూభ్రమణం వల్ల పైనీరు గాలికి కుడివైపుకు, అంటే తీరం నుంచి సముద్రం లోపలికి జరుగుతుంది. ఖాళీ అయిన చోటికి అడుగున ఉన్న చల్లని నీరు ఉబికి వస్తుంది. నైట్రేట్లు, ఫాస్ఫేట్లు దానితోపాటే పైకి చేరతాయి. సముద్రానికి అదే ఎరువు. ఎరువూ ఎండా కలిసేసరికి కంటికి కనపడని వృక్ష ప్లవకాలు రోజుల వ్యవధిలో పెరిగిపోతాయి. మామిడి పిందె పట్టే కాలంలోనే సముద్రానికీ పూత. 1950లలో అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లఫాండ్ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చి, వాల్తేరు తీరంలో నీరు ఇలా ఉబికి రావడాన్ని అధ్యయనం చేశాడు. డెబ్బై ఏళ్ల కిందట మన ఊళ్లోనే తేల్చిన విషయాన్ని ఇవాళ మన డైవింగ్ పడవల మీద చెప్పేవాళ్లు లేరు.

ప్లవకాల్లోని పత్రహరితం నీలి, ఎరుపు వెలుగులను పీల్చుకుని పచ్చని వదిలేస్తుంది. లెక్కలేనన్ని కణాలు వెలుగును చెదరగొట్టడంతో వస్తువుల అంచులు కరిగిపోతాయి. ఆరు మీటర్ల దూరంలో ఉన్న తోటి డైవర్ ఫిన్ పొగమంచులో మనిషిలా మాయమవుతుంది. అయితే ఈ పచ్చ పొర చాలాసార్లు పైభాగంలోనే చిక్కగా ఉంటుంది. దాన్ని దాటి కిందికి దిగితే చీకటి ఎక్కువవుతుంది కానీ, నీరు తేటపడిన రోజులు నేను చూశాను. నాలుగు మీటర్ల దగ్గరే భయపడి వెనుదిరిగినవాడికి ఈ సంగతి ఎప్పటికీ తెలియదు.

ఇక నీలి నీటి సంగతి. ప్రపంచంలో అత్యంత తేటగా ఉండే సముద్రజలం ఈస్టర్ దీవి సమీపాన, దక్షిణ పసిఫిక్ నడుమ ఉంది. అక్కడ అంత దూరం కనపడేది తినడానికి ఏమీ లేకపోవడం వల్లే. శాస్త్రవేత్తలు దాన్ని సముద్రపు ఎడారి అంటారు. మరి పగడపు దిబ్బలు తేటనీటిలోనే కదా కళకళలాడేది అని అడగొచ్చు. నిజమే. పగడాలు తమ ఒంట్లోనే ఆల్గేను పెంచుకుని, దొరికిన కాస్త పోషకాన్ని చేతులు మార్చుకుంటూ గుట్టుగా సంసారం సాగిస్తాయి. మన తీరం తీరు వేరు. ఇక్కడ పూత వస్తుంది, దాన్ని జంతు ప్లవకాలు మేస్తాయి, వాటి వెనకే కవళ్లు, కానాగంతలు వస్తాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల నుంచి చూసి, నీటిలో పత్రహరితం ఎక్కడుందో లెక్కగట్టి మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లు చెబుతుంది. జాలరికి దారి చూపే పచ్చదనాన్ని డైవర్ దరిద్రంగా ఎంచడం నాకు మింగుడుపడదు.

ఆ మాటకొస్తే, ఇదే డైవర్లు మాల్దీవుల్లో బా అటోల్‌లోని హనీఫారు వైపు వెళ్లేది ఎందుకు? నైరుతి రుతుపవనాల కాలంలో అక్కడ ప్లవకాలు పోగుపడతాయి కాబట్టి, వాటిని మేయడానికి మాంటా రేలు గుంపులుగా వస్తాయి కాబట్టి. అక్కడ స్కూబాకు అనుమతి లేదు, నీటి పైభాగాన ఈదుతూ చూడాల్సిందే. ఆ మసక నీటికి లక్షలు పోసి విమానమెక్కుతారు. 2021 డిసెంబరులో మన తంతడి ఒడ్డుకొచ్చి చిక్కుకుపోతే జనం మళ్లీ సముద్రంలోకి సాగనంపిన తిమింగల సొర బతికేదీ ఈ ప్లవకాల మీదే.

భద్రత మాట కొట్టిపారేయను. మసక నీటిలో జోడీ విడిపోవడం తేలిక, కొత్తవాళ్లు కంగారు పడతారు. అలాంటి రోజున కొత్తవాళ్లను దింపకూడదు. అనుభవం ఉన్నవాళ్లు చేయి చాపితే అందేంత దగ్గరగా ఉండాలి, సన్నని కాంతి టార్చి పట్టుకోవాలి, తాడు వెంట దిగాలి. ఫొటోలు తీసేవాళ్లు ఫ్లాషును లెన్సుకు దూరంగా పక్కకు జరిపి, చేపకు బాగా దగ్గరగా వెళితే చాలు. ఇవన్నీ శిక్షణకు సంబంధించినవి. నీరు ఎర్రబారి, నురగతో కంపుకొడుతుంటే మాత్రం ఎవరూ దిగొద్దు. ప్లవకాల్లో విషం విడిచేవీ ఉన్నాయి. పెరిగి పెరిగి కుళ్లేటప్పుడు నీటిలో ఆక్సిజన్‌ను హరించేవీ ఉన్నాయి.

నన్ను అన్నింటికన్నా కలవరపెట్టేది మరొకటి. ప్రకృతి పూతను, వానాకాలం తర్వాత ఉత్తరం నుంచి ప్రవాహం మోసుకొచ్చే నదుల బురదను, నగరం వదిలే మురుగును మనం 'విజిబిలిటీ లేదు' అన్న ఒక్క మాటలో కలిపేస్తున్నాం. అన్నిటినీ మురికి అనేస్తే అసలు మురికి తప్పించుకుంటుంది. కాలువ నీరు కలిసి సముద్రం చెడిన రోజున కూడా డైవర్ 'సీజన్ బాగోలేదు' అని సరిపెట్టుకుంటాడు. అడగవలసిన ప్రశ్న అడగడు.

తీరంలోని డైవింగ్ శిక్షకులకు నా విన్నపం ఒక్కటే. 1865లో ఇటలీ మతాచార్యుడు, ఖగోళవేత్త ఆంజెలో సెక్కీ ఓడ మీంచి తెల్ల పళ్లెం లాంటి బిళ్లను నీటిలోకి దించి, అది ఏ లోతున కనుమరుగవుతుందో కొలిచాడు. అలాంటి బిళ్ల, కొలతలు గుర్తు పెట్టిన తాడు చేయించడానికి పెద్ద ఖర్చు కాదు. పడవ బయల్దేరిన ప్రతిరోజూ దాన్ని దించండి. లోతుతోపాటు నీటి రంగు కూడా రాయండి: నీలమా, పచ్చా, గోధుమా, ఎరుపా. తేదీ వేసి ఒడ్డున బోర్డు మీద పెట్టండి. వచ్చే మార్చిలో ఎవరైనా పైకి తేలి "మురికి" అంటే, సారీ చెప్పకండి. ఆ బోర్డు చూపించండి.